జీడిమెట్ల మీదుగా సింగపూర్ సంబంధం

హైటెక్ సిటీ అంటే ఇప్పటి పిల్లలకి అద్దాల మేడలు, వాటి కింద కదలని కార్లు. మేం ఉద్యోగాల్లో చేరిన ఆ రోజుల్లో అక్కడ ఒకే ఒక పెద్ద గుండ్రటి భవనం, దాని చుట్టూ బండరాళ్ళు, ఆ రాళ్ళ నీడన మేకలు ఉండేవి. మా కంపెనీ ఆ భవనంలో కాదు లెండి, అంత గొప్ప మాకెక్కడిది. కొత్తగూడ దగ్గర ఒక మూడంతస్తుల ఇంట్లో ఉండేది (కింద ఇంటివాళ్ళు పోపు వేస్తే పైన మేం ప్రోగ్రాములు రాస్తూ తుమ్మేవాళ్ళం). చేరిన కొత్తలో మాకు రెండు విద్యలు నేర్పారు. ఒకటి కంప్యూటరుది, అదిప్పుడు ఎవరికీ అక్కర్లేదు. రెండోది క్లయింటుకి 'కాదు' అని చెప్పకపోవడం. 'తప్పకుండా' అనొచ్చు, 'చూస్తాం' అనొచ్చు, మరీ ధైర్యముంటే 'రేపటికల్లా' అనొచ్చు, 'కాదు' మాత్రం నోట రాకూడదని మా టీమ్ లీడరు ప్రతి సోమవారం పాఠం చెప్పేవాడు. నిజానికి గుంటూరు జిల్లా నుంచి వచ్చిన నాకు ఆ పాఠం అక్కర్లేదు. మా ఇంట్లో మొహమాటం ఉగ్గుపాలతోనే పట్టేస్తారు. మొహమాటానికి పోతే ఏదో అయిందని పెద్దల సామెత ఒకటుంది. ఇది నా పెళ్ళికాని రోజుల కథ కనుక ఆ సామెత పూర్తిగా రాయను. నాకు అందులో చెప్పినంత కాలేదు కానీ, దాదాపు ఆ వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను.

ఆ ఏడాది యూరప్‌లో ఏదో చలిదేశం నుంచి మా క్లయింటు తరఫున ఒకావిడ వచ్చి ఏడాదిపాటు మాతో ఉంది. నలభై దాటిన మనిషి, తాటిచెట్టంత ఎత్తు, ఎండకి ఎప్పుడూ ఎర్రగా కందిపోయిన ముక్కు. ఆఫీసులో అందరం చాటున దొరసానమ్మ అనేవాళ్ళం. ఆఫీసు మొత్తానికి పెళ్ళికాని ఆడపిల్లని నేనొక్కదాన్నే కనుక ఆవిడ బాగోగులు చూసే భారం నామీద పడింది. కూరగాయల సంతకి తీసుకెళ్ళాను, దర్జీ దగ్గరికి తీసుకెళ్ళాను, పులిహోర తినిపించాను. ఆవిడకి అన్నీ తెలుసుకోవాలని మహా సరదా. ఒకసారి కార్లో వెళ్తుంటే రైలు పట్టాల పక్క గోడల మీద వరసగా రాసి ఉన్నదేమిటని అడిగింది. ఆ గోడల నిండా గుప్తరోగాలకి గ్యారంటీ వైద్యం చేసేవాళ్ళ ప్రకటనలు. నేను ఒక్క క్షణం ఆలోచించి, అవి లెక్కల ట్యూషన్లండీ అని చెప్పాను. మీ దేశంలో చదువు మీద ఎంత శ్రద్ధ అని ఆవిడ చాలాసేపు మెచ్చుకుంది.

అలాంటిది ఒకరోజు మధ్యాహ్నం, నేను పెరుగన్నంలో మాగాయ ముక్క కలుపుకుంటుండగా, దొరసానమ్మ నా ఎదురుగా కూర్చుని, ఇక్కడ సుఖవ్యాధుల రక్తపరీక్షలు ఎక్కడ చేస్తారు అని అడిగింది. దర్జీ ఎక్కడ అని అడిగినట్టే అడిగింది, గొంతు కూడా తగ్గించలేదు. నాకు మాగాయ ముక్క గొంతులో అడ్డం పడింది. ఆవిడే నీళ్ళిచ్చి వివరించింది. తనకి ఒక స్నేహితుడున్నాడు, వచ్చే నెల తనని చూడ్డానికి వస్తున్నాడు, ఏ దేశంలో కాపురమున్నా ఇద్దరూ కలిసేముందు పరీక్ష చేయించుకోవడం వాళ్ళకి అలవాటు, అతను అక్కడ చేయించుకున్నాడు, ఇక తన వంతు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందో ఆవిడకి తెలియదు. ఇందులో సిగ్గుపడనిది ఏముందో నాకు తెలియదు. టీమ్ లీడరు సోమవారం పాఠం చెవుల్లో మోగుతుండగా నా నోరు దానంతటదే 'తప్పకుండా' అనేసింది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను హఫీజ్‌పేట్‌లో మా పిన్ని వాళ్ళింట్లో ఉండేదాన్ని. ఉద్యోగం చేస్తే చేసింది, పెళ్ళి మాత్రం నువ్వే చూడు అని మా అమ్మ నన్ను పిన్ని చేతుల్లో పెట్టింది. అంతకుముందు వచ్చిన రెండు సంబంధాలూ 'అమ్మాయి పొద్దుపోయి ఇంటికొస్తుందట' అని వెళ్ళిపోయాయి. పిన్ని పట్టు వదలకుండా సింగపూర్‌లో ఉద్యోగం చేసే అబ్బాయిని వెతికి పట్టుకుంది. అతను సెలవు మీద వచ్చాడు, సెలవు కొద్దిరోజులే, అందుకని ముందు పిన్ని ఇంట్లోనే ఆదివారం పెళ్ళిచూపులు, కుదిరితే అమ్మానాన్న వస్తారు అనుకున్నారు. పెళ్ళయ్యాక అమ్మాయి ఉద్యోగం మానక్కర్లేదని అతనే చెప్పి పంపాడట. ఫోటో చూశాను. పైకి 'మీ ఇష్టం పిన్నీ' అన్నాను కానీ, లోపల అప్పటికే ఒప్పేసుకున్నాను. ఆ సంబంధం కుదరాలని నాకు ఎంత ఉండేదో ఇప్పటికీ ఆయనకి తెలియదు, చెప్పి అలుసవడం ఎందుకని.

పెళ్ళిచూపులు వారంలో పెట్టుకుని అలాంటి పరీక్షల చోట ఎవరి కంటైనా పడితే ఇక సంబంధం మాట దేవుడెరుగు, మా వీధిలో పాలవాడు కూడా పాలు పోయడు. అమీర్‌పేటలో ల్యాబులున్నాయి కానీ అక్కడ అడుగడుక్కీ మా ఊరివాళ్ళే. అందుకని బాగా ఆలోచించి (అప్పట్లో నేను చాలా తెలివైనదాన్నని నా నమ్మకం) మా చుట్టాలెవరూ పొరపాటున కూడా అడుగుపెట్టని జీడిమెట్ల ఎంచుకున్నాను. అంతా ఫ్యాక్టరీలు, మందుల కంపెనీల ఘాటు వాసన. ఆఫీసు కారెక్కితే డ్రైవరు ఊరంతా చాటేస్తాడని ఆటో మాట్లాడుకున్నాం. దొరసానమ్మ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, దారి పొడవునా గోడల మీది లెక్కల ట్యూషన్లు చూస్తూ వచ్చింది.

ల్యాబు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. లోపల బెంచీల మీద వరసగా మగవాళ్ళు, చేతుల్లో పాస్‌పోర్టులు. అది గల్ఫ్ దేశాలకి వెళ్ళేవాళ్ళకి రక్తపరీక్షలు చేసే చోటు. ఆ దేశాల వాళ్ళు ఈ పరీక్ష కాగితం లేనిదే వీసా ఇవ్వరట. కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి వచ్చినవాళ్ళు అక్కడ ఫోటో దిగడానికి వచ్చినట్టు తాపీగా కబుర్లు చెప్పుకుంటున్నారు. మేం వెళ్ళి కూర్చోగానే నా పక్కనున్న మీసాలాయన ఎంతో ఆప్యాయంగా నావైపు తిరిగాడు.

"ఏ దేశం పోతున్నవ్ చెల్లె?"

ఏ దేశమూ కాదంటే 'మరి ఎందుకొచ్చినవ్' అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. చూస్తే పక్కన ఆరడుగుల దొరసాని. "దుబాయ్" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. తనూ దుబాయేనట, వచ్చే నెలలోనే. అక్కడ ఎండలు మస్తుగా ఉంటాయని, జర పైలమని, ఏజెంటు పైసలు ముందే అడిగితే ఇవ్వొద్దని చాలా మంచి మాటలు చెప్పాడు. ఈ మేడమే నిన్ను తీసుకెళ్తోందా అని అడిగితే తలూపాను. ఎక్కడుంటావని అడిగితే మొహమాటపడి, ఏదో ఒక అబద్ధం చెప్పాలని కూడా తోచక, హఫీజ్‌పేట్ అన్నాను. "మా అక్కోళ్ళు గాడనే ఉంటరు" అన్నాడాయన. ఎవరికి అక్కలు ఎక్కడ ఉండరు, నేనది పట్టించుకోలేదు.

మా వంతు వచ్చింది. అప్పుడు తేలింది, దేశదేశాలు తిరిగిన దొరసానమ్మకి సూది అంటే వణుకని. కుర్చీలో కూర్చోబోయి, సూది చూసి, తెల్లకాగితంలా పాలిపోయి లేచి నిలబడింది. ఏ దేశంలోనైనా తోడుగా ఎవరో ఒకరు ముందు చేయించుకుంటేనే తనకి ధైర్యమట. ముందు నువ్వు కూర్చో, నిన్ను చూసి నేను కూర్చుంటాను అని నా చెయ్యి పట్టుకుంది. చూడండి, ఇక్కడ ఏ మనిషైనా 'కాదు' అంటుంది. నా ముందు తరాల మొహమాటం, కంపెనీ శిక్షణ, రెండూ కలిసి నన్ను తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టాయి. ల్యాబతను మా ఇద్దరినీ చూసి, ఇద్దరికీ అవే పరీక్షలేనా అని అడిగాడు. దొరసానమ్మకి తెలుగు రాదు కానీ తలూపడం వచ్చు. అలా, మగవాడి చెయ్యి తగలడమంటే బస్సు కండక్టరు చిల్లర ఇచ్చినప్పుడే అనుకునే నేను, సుఖవ్యాధుల పరీక్షకి రక్తమిచ్చాను.

ఫలితాలు శనివారం ఇస్తామన్నారు. ఏ తప్పూ చెయ్యని దానికి భయమెందుకు అని మీరనొచ్చు. నేనూ అలాగే అనుకుని ఆఫీసుకొచ్చాను, సాయంత్రానికి మొదలైంది. చిన్నప్పుడు మా ఊరి ఆరెంపీ డాక్టరు ఊరందరికీ ఒకే సూదితో ఇంజక్షన్లు చేసేవాడు. ఇంటర్‌లో బ్లడ్ గ్రూపు చూడ్డానికి క్లాసు మొత్తానికి ఒకే గుండుసూది వాడాం. తిరనాళ్ళలో అమ్మమ్మ పట్టుబట్టి నాకు మోచేతి మీద పచ్చబొట్టు పొడిపించింది, ఆ పొడిచినావిడ సూదిని కొంగుకి తుడుచుకుంది. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చి, నేను బతికుండడమే వింతగా తోచింది. దేవుడి గదిలో నిలబడి మొక్కుకుందామంటే ఆ పరీక్ష పేరు దేవుడి ముందు ఎలా పలకను? 'స్వామీ, ఆ విషయంలో కాస్త చల్లగా చూడు' అన్నాను. వెనకనుంచి పిన్ని విని, నేను పెళ్ళి గురించే మొక్కుకుంటున్నానని మురిసిపోయి, ఆ వారమంతా నాకు రెండు గరిటెల నెయ్యి ఎక్కువ వేసింది.

శనివారం దొరసానమ్మా నేనూ మళ్ళీ ఆటోలో వెళ్ళాం. లోపలున్న ల్యాబతను బయటికొచ్చి "దుబాయ్ వాళ్ళు ఎవరు? ఫికర్ లేదు, మీ ఇద్దరిదీ సాఫ్ ఉంది" అని హాలు మొత్తానికి వినబడేలా ప్రకటించాడు. నాకు నిజంగా కళ్ళనీళ్ళు వచ్చాయి. తిరిగొచ్చేటప్పుడు ఉత్సాహంలో రేపటి పెళ్ళిచూపుల సంగతి ఆవిడకి చెప్పేశాను. అబ్బాయిని ఏమేం అడుగుతావు అంది. మేమేం అడగమండీ, జాతకాలు చూస్తారు, అవి కలిశాయి అన్నాను. ఆవిడ, ఎక్కడో ఉన్న గ్రహాలని అడుగుతారు కానీ ఎదురుగా కూర్చున్న మనిషిని అడగరా అంది. నిష్ఠూరంగా అనలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. లెక్కల ట్యూషన్ లాంటి జవాబు ఏదైనా తోస్తుందేమోనని వెతికాను, తోచలేదు.

ఆదివారం పొద్దున్నే పెళ్ళివారు దిగారు. అబ్బాయి, వాళ్ళమ్మగారు, ఇద్దరే. నేను పట్టుచీర కట్టుకుని తలొంచుకుని కూర్చున్నాను. తలొంచుకునే చూడాల్సినంతా చూశాను (ఫోటోకన్నా కొంచెం నల్లగా, కొంచెం బాగున్నాడు). వాళ్ళమ్మగారు వంట వచ్చా అని, పాట వచ్చా అని అడిగారు. పిన్ని నా తరఫున అన్నీ వచ్చు అంది. బాబాయి సింగపూర్‌లో వర్షాల గురించి అడిగాడు. అంతా సవ్యంగా నడుస్తోంది, పిన్ని ముఖం చూస్తే ముహూర్తం కూడా పెట్టేసుకున్నట్టుంది. అప్పుడు మేడ మీదుండే మా ఇంటి ఓనరక్క స్వీట్ల పళ్ళెం పట్టుకుని లోపలికొచ్చింది. వాళ్ళ తమ్ముడు దుబాయ్ పోతున్నాడట, అందరికీ నోరు తీపి చేద్దామని. ఆవిడ వెనకాలే ఆ తమ్ముడూ వచ్చాడు. అవే మీసాలు.

"ఏం చెల్లె, రిపోర్టు వచ్చిందా? నాదైతే సాఫ్ వచ్చింది. దుబాయ్‌ల కలుద్దాం తీ."

అబ్బాయి తల్లిగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, అమ్మాయి దుబాయ్ వెళ్తోందని మాకు చెప్పలేదే అన్నారు. బాబాయి నావైపు, పిన్నివైపు, మళ్ళీ నావైపు చూశాడు. పిన్ని అయితే ఇక ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మేం నీకేం తక్కువ చేశామే? ఆయాగా వెళ్ళాల్సిన ఖర్మ నీకేంటే తల్లీ? మీ అమ్మకి నేనేం చెప్పుకోను?" అని ఏడుపు. మీసాలాయనకి ఏం జరిగిందో అర్థంకాక, మంచి కంపెనీయే అమ్మా, దొరసాని మంచిదే కొట్టేట్టు లేదు అని పిన్నిని ఓదార్చబోయాడు.

నా ఎదురుగా రెండు దారులున్నాయి. దుబాయ్ వెళ్తున్నానని ఊరుకుంటే పరువు దక్కుతుంది, సంబంధం పోతుంది. నిజం చెబితే రెండూ పోతాయి. తలెత్తి ఆ అబ్బాయి ముఖం చూశాను. అతను కోపంగా లేడు, చిన్నబుచ్చుకున్నట్టున్నాడు. నన్ను అడక్కుండానే వెళ్ళిపోతోంది కాబోలు అనుకున్నట్టు. అది నేను తట్టుకోలేకపోయాను.

"నేను ఏ దేశమూ వెళ్ళడం లేదండీ" అన్నాను. "మా ఆఫీసులో ఒకావిడకి తోడు వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను, అంతే."

"ఏం పరీక్షమ్మా?" అన్నారు వాళ్ళమ్మగారు.

చెప్పాను. ఎయిడ్స్‌కీ, ఇంకా అలాంటి వాటికీ అని, దేవుడి దగ్గర కూడా పలకని పేర్లన్నీ పట్టుచీరలో కూర్చుని వరసగా పలికాను. పిన్ని ఏడుపు టక్కున ఆగిపోయింది. దుబాయే నయమనుకుని ఉంటుంది. అందరికంటే ముందు తేరుకున్నది మీసాలాయనే. "గదేందమ్మా గట్ల జూస్తరు? అందరం చేయించుకున్నం. అది లేకుంటే విమానమే ఎక్కనియ్యరు" అన్నాడు.

"అవునమ్మా" అన్నాడు అబ్బాయి, వాళ్ళమ్మవైపు తిరిగి. "సింగపూర్‌లో నాకూ చేశారు. ఉద్యోగంలో చేరేముందు."

ఆవిడ ఇప్పుడు నన్ను వదిలేసి కొడుకుని చూశారు. మరి నాకెందుకు చెప్పలేదురా అన్నారు. ఎలా చెప్పనమ్మా, నా ఉత్తరాలు నాన్న వీధి అరుగు మీద కూర్చుని గట్టిగా చదివి వినిపిస్తాడు కదా అన్నాడతను. బాబాయికి ఎక్కడలేని ధైర్యం వచ్చి, అబ్బాయి ఫలితం ఎలా వచ్చిందో తెలుసుకోవచ్చా అని అడిగాడు. బాగానే వచ్చిందండీ, లేకపోతే ఉద్యోగంలో చేరనిచ్చేవారు కాదు అన్నాడు. అక్కడితో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఓనరక్క స్వీట్లు పంచడం మొదలుపెట్టింది. కథ అక్కడితో సుఖాంతమయ్యేదే. కానీ ఆ వారమంతా నేను పడిన భయం, దొరసానమ్మ అడిగిన ప్రశ్న, రెండూ కలిసి నా గొంతులోకి వచ్చాయి.

"అది ఎప్పటి మాటండీ?" అన్నాను.

"రెండేళ్ళయింది" అన్నాడు.

"మరి అప్పటి నుంచి?"

పిన్ని కాలితో నా కాలు తొక్కింది. ఇప్పటికీ చలికాలంలో ఆ బొటనవేలు కొంచెం సలుపుతుంది. అబ్బాయి చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత ముఖం. ఇక లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. అతను గ్లాసులో మిగిలిన కాఫీ తాగి, కింద పెట్టి, నన్ను సూటిగా చూశాడు. నా జీవితంలో ఒక మగవాడు నన్ను అలా, నాకు ప్రశ్న అడిగే హక్కు ఉన్నట్టు, చూడడం అదే మొదలు.

"మీరు అడిగింది న్యాయమే" అన్నాడు. "ఎక్కడ చేస్తారో చెప్పండి, రేపే వెళ్తాను."

"జీడిమెట్ల" అన్నాడు మీసాలాయన. "ఫికర్ జెయ్యకు బావా, నేను తోల్కపోత."

మర్నాడు మా ఆయన (రాసేటప్పటికి తొందరొచ్చింది, అప్పటికింకా కాలేదు) ఆ మీసాలాయన స్కూటరు వెనక కూర్చుని జీడిమెట్ల వెళ్ళాడు. అక్కడ బెంచీ మీద కూర్చోగానే పక్కాయన ఏ దేశం పోతున్నవని అడిగాడట. పెళ్ళి చేసుకోబోతున్నానని చెబితే, అన్నా, అది దుబాయ్‌కన్నా కష్టం, అక్కడికెళ్ళినవాళ్ళయితే తిరిగొస్తారు అన్నాడట. వాళ్ళమ్మగారు మాత్రం మా చుట్టాల్లో ఎవరడిగినా, అమ్మాయి ముందుచూపు గల పిల్ల అని చెప్పేవారు, ఏ విషయంలో ముందుచూపో చెప్పేవారు కాదు. దొరసానమ్మ మా పెళ్ళికి తన స్నేహితుణ్ణి కూడా తీసుకొచ్చింది. మీసాలాయన దుబాయ్ నుంచి చాలా ఏళ్ళు ఖర్జూరాలు పంపేవాడు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఆదివారం మా అమ్మాయి టిఫిన్ తింటూ, తనూ తను పెళ్ళాడబోయే అబ్బాయీ పరీక్షలన్నీ చేయించుకున్నామని, ఫలితాలు ఫోనుకే వచ్చాయని, ఇడ్లీలోకి చట్నీ అడిగినంత మామూలుగా చెప్పింది. నేను ఏం చేశానో తెలుసా? లేచి వెళ్ళి వంటింటి కిటికీ మూశాను. మెల్లగా చెప్పవే, పై ఫ్లాటువాళ్ళు వింటారు అన్నాను. వింటే ఏమవుతుందమ్మా అంది అది, అచ్చం దొరసానమ్మ ముఖం పెట్టి. నేను గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను. హాల్లో పేపరు చదువుకుంటున్న మా ఆయన తలెత్తకుండానే, పాతికేళ్ళుగా దాచుకున్న మీసాలాయన గొంతుతో అడిగాడు.

"ఏ దేశం పోతున్నవ్ చెల్లె?"

అమ్మాయికి అర్థం కాలేదు. నాకైంది. పట్టుచీరలో కూర్చుని అందరి ముందూ 'మరి అప్పటి నుంచి?' అని అడిగిన ఆ పిల్ల ఎటు పోయిందోనని నేనూ అప్పుడప్పుడూ వెతుక్కుంటూ ఉంటాను. వెళ్ళి కిటికీ మళ్ళీ తెరిచాను.